పూస్తే చెప్తా

“ఏందండీ, ఆ మొక్క మీకేం అన్యాయం చేసింది?”

గోడ అవతలి నుంచి వచ్చిన ఆ గొంతుకి రాంబాబు చేతిలో మగ్గు ఆగిపోయింది. పెయింటు డబ్బాలో ఎర్రమట్టి నింపి, అందులో ఒక అడవి మొక్కను నాటి, దానికి రెండు పూటలా నీళ్లు పోస్తున్నాడు పాపం. బచేలి ఇనుప గనిలో యంత్రాలు చూసుకునే మనిషి. మొక్కకూ అంతే శ్రద్ధగా సేవ చేస్తున్నాడు.

“గాలివానకి కొమ్మ విరిగి రోడ్డు మీద పడిందండి. ఇది దానిమీదుంది. జాలేసి తెచ్చాను.”

“జాలేసి తెచ్చి ముంచుతున్నరు. ఇది ఆర్కిడ్. దీనికి మట్టి వద్దు, గాలి కావాలె.”

ఆమె ఊర్మిల. ఎర్రబోరు ఊరి పిల్ల, పక్క క్వార్టర్లోకి కొత్తగా దిగిన సైన్సు టీచరు. అడక్కుండానే గేటు తీసుకుని వచ్చేసింది. కుళ్లిన వేళ్లు కత్తిరించి, మొక్కను ఒక మామిడి చెక్కకు కొబ్బరి పీచుతో కట్టింది.

“ఏం ఆర్కిడ్ అండీ?”

“ఆకులు చూసి చెప్తే తప్పైతది. పువ్వు చూడాలె. పూస్తే చెప్తా.”

“అయితే పూసిన రోజు నేనూ మీకో మాట చెప్తాను.”

“ఇప్పుడే చెప్పొచ్చు కద?”

“మొహం చూసి చెప్తే తప్పైపోతుందండి.”

ఊర్మిల నవ్వింది. చేతిలో ముడి జారిపోయి మళ్లీ వేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆ మొక్కవే. తెల్లటి వేళ్లు పచ్చబడేదాకా నీళ్లు చిలకరించాలని, రాత్రికి ఆకుల మొదట్లో తడి ఉండకూడదని, తూర్పు కిటికీకి వేలాడదీసి పొద్దుటి వెలుతురు తగలనివ్వాలని ఆమె చెప్పేది. అతను బుద్ధిగా తలూపేవాడు.

“ఆ మొక్కని చూసినట్టు మావాణ్ని ఎవరైనా చూస్తే బాగుణ్ణమ్మా,” అనేది అతని తల్లి అప్పలకొండమ్మ, టీ గ్లాసులు పెడుతూ. ఇద్దరూ మొక్కవైపే చూసేవాళ్లు.

మొక్క పూయలేదు. ఆకులు మాత్రం ముదురు పచ్చగా, మెత్తగా వాలిపోయేవి. వెలుతురు చాలడం లేదేమోనని ఆమెకు అనుమానం. కానీ వచ్చినప్పుడల్లా అది కిటికీకే ఉండేది.

ఊరి నుంచి తండ్రి ఆయతు ఫోన్ చేశాడు. “నీ మేనబావ ఎన్నాళ్లు ఆగుతడే? మనసుల ఎవరన్న ఉంటే చెప్పు. నేనే పోయి మాట్లాడుత.”

ఎవరి పేరు చెప్పాలి? నోరు తెరిచి ఒక్క మాట అనని మనిషి పేరా?

“ఈ వానలు పోనీ నాయినా,” అంది. ఆ వానలు పోయాయి. మరుసటేటి వానలూ పోయాయి.

సంబంధం సంగతి చివరికి తనే రాంబాబుకు చెప్పింది.

“మంచివాడేనా?” అన్నాడతను మొక్కను చూస్తూ.

“మంచోడే.”

“అయితే మంచిదే కదండి.”

ఆమెకు ఒళ్లు మండింది. ఇంటికెళ్లి బాగా ఏడ్చింది. పెళ్లికి ఒప్పుకుని ఊరికి బయల్దేరిన రోజు అతను బస్టాండుకు వచ్చి మామిడి చెక్కను చేతికిచ్చాడు. “మీ దగ్గరైతే బాగుంటుందండి.”

“ఇంకేం చెప్పేదుందా?”

“బస్సు కదుల్తోంది.”

ఎర్రబోరులో మేనబావ లక్ష్మణ్ దాన్ని తూర్పు చూరుకు వేలాడదీశాడు. ఎలా చూసుకోవాలో ఆమెనడిగి, పొద్దున్నే వచ్చి నీళ్లు చిలకరించేవాడు. పెళ్లి పందిరి వేస్తున్న వారంలోనే మొక్క పూసింది. తెలుపూ గులాబీ కలిసిన చిన్న పూలు, గుత్తిగా కిందికి వేలాడాయి.

ఊర్మిల ఫోన్ చేసింది. “పూసింది.”

“ఏం పువ్వండీ?” అన్నాడు రాంబాబు.

“ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్. నక్కతోక లెక్కనే ఉంది.”

“నక్కతోకని ఇంట్లో పెట్టుకుని కూడా నాకు కలిసిరాలేదన్నమాట.”

ఆమె నవ్వలేదు. “ఇక్కడ మొదటి ఎండాకాలానికే పూసింది. మీ కిటికీకి ఎందుకు పూయలే?”

అతను నెమ్మదిగా అన్నాడు. “ఆదివారం ఒక్కరోజే కిటికీకి కట్టేవాణ్నండి. మిగతా రోజులు బీరువా పక్కన చీకట్లో పెట్టేవాణ్ని.”

“తెలిసే పెట్టిన్రా?”

“పూస్తే పేరు చెప్పేస్తారు. ఇక మా ఇంటికి రారేమోనని.”

ఊర్మిల మంచం మీద కూర్చుంది. “పూస్తే మీరు అడుగుతరని వచ్చేదాన్ని నేను.”

ఆమే మళ్లీ అంది.

“ఇప్పుడు చెప్పండి ఆ మాట. పూసింది కద.”

“ఇప్పుడెందుకులెండి.”

“నాకు వినాలనుంది.”

“మీరంటే నాకు ప్రాణమండి, ఊర్మిల గారూ.”

ఎన్ని ఆదివారాలు ఎదురుచూసిన మాట అది. పూర్తిగా వింది. “సరేనండి, ఉంటా,” అని ఫోన్ పెట్టేసింది. కళ్లు తుడుచుకుంటే మళ్లీ నిండాయి.

బయట లక్ష్మణ్ నీళ్ల సీసాతో నిలబడి ఉన్నాడు. ఆమె మొహం చూసి మొక్కవైపు తిరిగాడు.

“ఎండెక్కుతున్నది. నీడకు పెట్టాల్నా?”

“వద్దు బావా,” అంది ఊర్మిల. “వెలుతురులనే ఉండనీ.”