ఖుంగు మబ్బులో పిలుపు

నేనెప్పుడూ ఏమీ రాయలేదు. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది. నలుగురి ముందు నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మలావీ సరస్సు ఒడ్డున, చింతేచే దగ్గర మా ఇల్లు. వేసవి ముదిరి, వానలింకా రాని రోజులవి. పొద్దున నీళ్లు నూనె పోసినట్టు కదలకుండా ఉన్నాయి. మధ్యాహ్నం దక్షిణం నుంచి జోరుగా వీచే మ్వేరా గాలి లేస్తుందని, చిన్న దోనెలు లోపలికి వెళ్లొద్దని రేడియోలో చెప్పారు. మా ఆయన సాంగ్వాని నవ్వాడు. "ఆ చెప్పేవాడు కాలు తడుపుకుని ఎన్నేళ్లయిందో. వల తీసుకుని ఇట్టే వస్తా," అంటూ దోనె తోశాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక ఖుంగు లేచింది. సరస్సులో పుట్టే సన్నపురుగు అది. కోట్లకొద్దీ ఒక్కసారిగా లేచి, నీళ్ల మీద నల్లటి పొగలా నిలబడుతుంది. మామూలప్పుడైతే మాకు పండగే, బుట్టలతో పట్టి రొట్టెలు చేసుకుంటాం. ఆ రోజు వెనకే గాలి కూడా లేచింది. మబ్బు మొత్తం ఒడ్డు మీదికి వచ్చి పడింది. పట్టపగలే చీకటి. పచ్చి చేపల వాసన. చెవుల్లో సన్నటి రొద.

ఆ మబ్బులో ఎవరూ నోరు తెరవరు. తెరిస్తే పురుగు గొంతుకి అడ్డం పడి ఊపిరాడదు. అందుకే ఒడ్డున ఆడవాళ్లం ముఖాలకి గుడ్డ చుట్టుకుని గిన్నెలు మోగిస్తాం. దోనెలోవాళ్లు తెడ్డుతో అంచు కొట్టి బదులిస్తూ, మా చప్పుడు పట్టుకుని రేవుకి చేరతారు. దారి తప్పితే గాలి రాళ్ల మీదికి విసిరేస్తుంది.

మిగతా దోనెలన్నీ వచ్చేశాయి. మా ఆయనది రాలేదు. నేనూ మా అత్తా కొడుతూనే ఉన్నాం.

అప్పుడు వినిపించింది.

"న్యాచిర్వా..."

నా పేరే. మా ఆయన గొంతే. చాప మీద పక్కన పడుకుని పిలిచినంత దగ్గరగా.

అత్త నా చెయ్యి పట్టుకుంది. గుడ్డ చాటు నుంచే గొణిగింది. "ఆపవే. ఈ మబ్బులో నోరు తెరిచి పిలిచేది మనిషి కాదు."

ఆపాను.

అంతలో దూరంగా... టక్... టక్... తెడ్డు చప్పుడు. రాళ్ల వైపు నుంచి.

కొడితే రెండూ వస్తాయి. కొట్టకపోతే ఆయన రాడు.

అత్త చెయ్యి విదిలించుకున్నాను. కొట్టాను. పిలుపు ఇంకా దగ్గరైంది... మెడ మీద తడి ఊపిరి తగిలింది... కళ్లు మూసుకుని కొట్టాను.

దోనె ఇసుకకి ఒరుసుకుంది. ముఖానికి గుడ్డతో ఆయన దిగాడు. కాసేపటికి మబ్బు విడిపోయింది. ఆయన మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. గొంతులో పురుగు పోయిందేమోనని ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. అత్త మా ఇద్దరి వైపూ చూడలేదు.

తెల్లారి పొయ్యి వెలిగించి కర్రపెండలం జావ కాచాను. ఆయన చాప మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. తలుపు అవతల నుంచి ఆయన గొంతు, రోజూ అడిగినట్టే అడిగింది.

"జావ అయిందా?"

చాప మీద ఆయన పెదాలు కదల్లేదు.

రెండు గిన్నెల్లో పోశాను. ఒకటి ఆయన ముందు పెట్టాను. ఇంకోటి గడప బయట పెట్టి తలుపు వేశాను.

కాసేపటికి బయటిది ఖాళీ అయింది. లోపలిది తొరక కట్టింది.