నవ్వితేనే బియ్యం

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: నానమ్మ, అమ్మ, బాబాయి, అక్క, నేను. మా ఇంటివాడు కాకపోయినా, మా ఇంట్లో ఊగకుండా నిలబడే ఒకే ఒక్క కుర్చీలో పొద్దున్నుంచీ కూర్చున్న నవ్వులబ్బాయి. బియ్యం డబ్బా కూడా ఉంది గానీ దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. లోపల ఎవరూ లేరు.

నవ్వులబ్బాయి అనే పేరు నానమ్మ పెట్టింది. అతను నవ్వుతాడని కాదు, నవ్వమని అడుగుతాడని.

మా పేటలో ఇదివరకు సహాయ సంఘంవాళ్ళు సరుకులు మూట కట్టి ఇచ్చేవారు. మూట తీసుకునేటప్పుడు అధ్యక్షులవారి పక్కన నిలబడి ఫొటో దిగాలి. ఫొటోలో మూట అధ్యక్షులవారి రెండు చేతుల్లో ఉండేది, మన వేళ్ళు అంచున తగిలేవి. ఈ ఏడాది అదంతా ఆపేశారు. తీసుకునేవాళ్ళకి చిన్నతనంగా ఉండకూడదని ఎలక్ట్రానిక్ క్రెడిట్లు పెట్టారు. ఇంటి పెద్ద పేరు మీద ఫోన్‌లో క్రెడిట్లు పడతాయి. సందు చివర కొట్లో ఆ ఫోన్ చూపిస్తే సరుకులిస్తారు. కరపత్రం మీద "మీ గౌరవమే మా లక్ష్యం" అని చిన్న అక్షరాలతో వేసి, కింద అధ్యక్షులవారి ఫొటో పెద్దది వేశారు.

ఒక్కటే షరతు. నెలకోసారి ఇంటి పెద్ద, సంఘం మనిషి ఫోన్ కెమెరాలోకి చూసి నవ్వాలి. ఊరికే చూస్తే చాలదు. పాత ఫొటో చూపించి మోసం చేసేవాళ్ళుంటారట, నవ్వితే మనిషి బతికున్నట్టు లెక్కట.

మా ఇంటి పెద్ద నానమ్మ. నానమ్మకి నవ్వు రాదని కాదు. బాబాయి ఉద్యోగం వెతకడానికని తల దువ్వుకుంటుంటే చూసి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతుంది. ఇచ్చేవాడి ముందు మాత్రం నవ్వదు. తాతయ్య పోయాక మొదటిసారి మూట కోసం వెళ్ళినప్పుడు ఫొటో తీసేవాడు, "కొంచెం నవ్వమ్మా, ఫొటో బాగొస్తుంది" అన్నాడట. అప్పట్నుంచే అలా.

క్రెడిట్లు మొదలైన రోజు అక్కా నేనూ నానమ్మని కొట్టుకి తీసుకెళ్ళాం. సరుకులన్నీ సంచిలో పడ్డాయి. కౌంటర్ పక్కన మెడలో సంఘం కార్డు వేలాడేసుకుని ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు. చొక్కా మొత్తం ముడతలు.

"స్మైల్ ప్లీజ్ బామ్మగారూ!" అన్నాడు ఫోన్ ఎత్తి.

నానమ్మ ఫోన్‌ని చూసింది. అతన్ని చూసింది. "ఏ సంతోషానికి?" అంది.

ఫోన్ ఎర్రగా మెరిసింది. ముఖం నిర్ధారణ కాలేదట. కొట్టాయన సంచి తీసుకుని బియ్యం మళ్ళీ బస్తాలో ఒంపేశాడు. మా వెనకాల నిలబడ్డ వాళ్ళందరూ ఆ గింజల చప్పుడు విన్నారు.

అక్క ఇస్త్రీ షాపులో పనిచేస్తుంది. పొద్దంతా వేడి దగ్గర ఉండడం వల్లో ఏమో, తొందరగా కాగుతుంది.

"మా నానమ్మ బతికే ఉందని మీకు నమ్మకం లేదా?"

"నాకుందండీ. సిస్టమ్‌కి లేదు."

"అయితే ఆ సిస్టమ్‌ని పిలవండి. నేను మాట్లాడతాను."

"సిస్టమ్ అంటే... ఈ వీధికి నేనేనండీ."

"మరి నమ్మకం ఉందంటారేం? ముందు మీరూ మీరూ మాట్లాడుకుని రండి. వచ్చేటప్పుడు చొక్కా కూడా మార్చుకోండి. ఎవరు చేశారండీ ఇస్త్రీ, దాని మీద కూర్చుని చేశారా?"

క్యూ అంతా నవ్వింది. నవ్వాల్సిన ఒక్క మనిషి తప్ప.

ఇంట్లో అయితే రిలాక్స్‌డ్‌గా నవ్వుతారని అతను మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఒకసారి పిల్లికూన వీడియో చూపించాడు. "పాపం, ఆకలితో అరుస్తోంది. దానికీ నవ్వితేనే పెడతారా?" అంది నానమ్మ. ఇంకోసారి జోకు చెప్పాడు. బాబాయి పడీపడీ నవ్వాడు గానీ, బాబాయి నవ్వుకి క్రెడిట్లు లేవు. ఇది పనికాదని బాబాయే నానమ్మ శాలువా కప్పుకుని, మీసం దాచుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. ఫోన్ చాలాసేపు ఆలోచనలో పడింది. నవ్వులబ్బాయి గభాలున లాక్కున్నాడు.

"మీరు పాసైపోతే నా ఉద్యోగం పోతుందండీ!"

"పోతే ఆ ఉద్యోగం నాకిప్పించవోయ్," అన్నాడు బాబాయి.

ఇలా వచ్చినప్పుడల్లా అక్క మంచినీళ్ళ గ్లాసు అతని ముందు ఠక్కుమని పెట్టేది. అతను "థాంక్సండీ" అనేవాడు. "నీళ్ళకి యాప్ అక్కర్లేదులెండి," అనేది అక్క. ఒకటి మాత్రం నేను గమనించాను. అతని చొక్కాలకి ముడతలు పోయాయి. అక్క షాపులోనే ఇస్త్రీకి ఇస్తున్నాడట.

"వారానికి సరిపడా ఒకేసారి తేవచ్చు కదా! రోజుకో చొక్కా పట్టుకొస్తాడు. పిచ్చివాడు," అంది అక్క నాతో.

అక్క మనుషుల్ని తిట్టడం చాలాసార్లు విన్నాను. ఇంత మెత్తగా తిట్టడం వినలేదు.

ఇక ఆ రోజు. నెలాఖరు. సాయంత్రం ఆరు దాటితే క్రెడిట్లు వెనక్కి వెళ్ళిపోతాయి. అవి మా ఫోన్‌లో కనిపిస్తూనే ఉన్నాయి. కదలవు, అంతే. డబ్బా అడుగున మిగిలిన బియ్యం నిన్న రాత్రి అయిపోయింది. అమ్మ తనకి ఆకలి లేదని నిన్నటినుంచీ అంటోంది. మేం అడగకుండానే అంటోంది.

"వెనక్కంటే ఎక్కడికి పోతాయోయ్?" అన్నాడు బాబాయి.

"సర్వర్‌కండీ."

"సర్వర్‌కి ఆకలేస్తుందా?"

 బయట వాన పట్టుకుంది. ఆ వాన కూడా నవ్వులబ్బాయి తరఫున వచ్చినట్టే ఉంది. అది తగ్గేదాకా వెళ్ళమని ఎవరూ అనలేరు కదా. అమ్మ టీ ఇచ్చింది. అందులో పాలు లేవు, చక్కెర లేదు. "చాలా బాగుందండీ," అన్నాడు. అక్క షాపుకి సెలవు పెట్టింది. నానమ్మ కోసమేనట. నానమ్మ కోసం కొత్త చెవిపోగులు ఎందుకో నాకర్థం కాలేదు.

మూడైంది. నాలుగైంది. ఐదైంది. అతను కోతిలా గెంతాడు, అధ్యక్షులవారిలా నడిచి చూపించాడు. నానమ్మ రాయిలా కూర్చుంది.

"నువ్వు పట్టుకోమ్మా, నాకు రెండు చేతులూ కావాలి," అని తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. కొత్తవాళ్ళు పలకరిస్తేనే నేను కంగారు పడతాను. అంతలో ఫోన్ మోగింది. ఏదో నొక్కేశాను. అతని ఆఫీసు నుంచి కాబోలు, ఒక ఆడగొంతు ఇల్లంతా వినపడింది.

"ఏమయ్యా, ఇంకా ఆ ముసలావిడ ఇంట్లోనే ఉన్నావా? పొద్దున్నే చెప్పాను కదా, పెద్దవాళ్ళకి నవ్వు తీసేశారు, కళ్ళార్పితే చాలని! రెండు నిమిషాల పని. ఆ ఇంట్లో అంత ఏముందయ్యా?"

ఫోన్ కట్ అయింది. మళ్ళీ కెమెరా వచ్చింది. 

"కళ్ళార్పితే చాలా?" అంది అక్క. "పొద్దున్నుంచీ తెలుసా నీకు?"

"'నీకు' అంది," అని బాబాయి అమ్మ చెవిలో గుసగుసలాడాడు.

"నోర్మూసుకో," అంది అమ్మ.

"చెప్దామనే వచ్చానండీ," అన్నాడు నవ్వులబ్బాయి. చెవులు ఎర్రబడ్డాయి. "తీరా వచ్చాక..."

"వచ్చాక?"

"ఇది అయిపోతే, మళ్ళీ మీ ఇంటికి ఏ కారణం చెప్పి రావాలో తోచలేదండీ."

నేను చదివిన కథల్లో అయితే ఇక్కడ అమ్మాయి సిగ్గుపడి తల వంచుకుంటుంది. మా అక్క వంటగదిలోకి వెళ్ళి బియ్యం డబ్బా తెచ్చి, మూత తీసి, అతని ముక్కు కింద పెట్టింది.

"చూడు. ఇందులో ఎక్కడైనా కనిపిస్తోందా నీ కారణం? మా అమ్మ నిన్నటినుంచీ ఆకలి లేదంటోంది. నువ్వు కుర్చీలో కూర్చుని వేషాలేస్తావా? ఆ అధ్యక్షుడికీ నీకూ తేడా ఏంటి? ఆయన మూట పట్టుకుని ఫొటో దిగాడు. నువ్వు మూట నీ వెనకాల దాచుకుని కూర్చున్నావు. అంతేగా!"

అతను డబ్బాలోకి చూశాడు.  తర్వాత లేచి నిలబడ్డాడు.

"తప్పేనండీ," అన్నాడు. "డబ్బా ఇలా ఉందని తెలీదు అనబోయాను. అడిగితే తెలిసేది. అడగలేదు. ముందు బామ్మగారి పని చేస్తాను. తర్వాత మీ ఇష్టమొచ్చినంతసేపు తిట్టండి. ఇక్కడే నిలబడతాను."

"నిలబడే తినాలి తిట్లు. మా కుర్చీలో కాదు!"

"అలాగేనండీ. వానలో నిలబడమన్నా సరే. చొక్కా ఒక్కటే కొంచెం... నిన్ననే మీరు ఇస్త్రీ చేసిచ్చారు."

అప్పుడు నవ్వింది నానమ్మ. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, తర్వాత పళ్ళు లేని నోరంతా. నా చేతిలో ఫోన్ టింగుమంది. పచ్చటి టిక్కు. కింద: "ధన్యవాదాలు! మీ నవ్వు మాకెంతో విలువైనది."

"వచ్చేసింది! క్రెడిట్లు కదిలాయి!" అని బాబాయి సంచి అందుకున్నాడు.

"తీసెయ్ ఆ టిక్కు," అంది నానమ్మ.

"అయిపోయిందండీ బామ్మగారూ, ఓకే నొక్కితే క్రెడిట్లు..."

"తీసెయ్యమన్నానా! నా మనవరాలు నిన్ను దులిపేస్తుంటే వచ్చిన నవ్వది. నా సొంతం. బియ్యానికి ఇవ్వను. కళ్ళార్పేదేదో ఉందన్నారుగా, అది పెట్టు."

"రద్దు చేస్తే మళ్ళీ మొదటికొస్తుందండీ. ఆరు కావస్తోంది. వానకి నెట్ కూడా సరిగ్గా లేదు. పోతే మొత్తం పోతుంది." అతను నానమ్మ వైపు కాదు, అమ్మ వైపు చూశాడు. అడగడం అప్పుడే నేర్చుకున్నట్టున్నాడు. "ఏం చెయ్యమంటారు?"

అమ్మ ఖాళీ డబ్బాకి మూత పెట్టింది. "అత్తయ్య చెప్పినట్టు చెయ్యి బాబూ," అంది.

అతను నొక్కాడు. పచ్చటి టిక్కు పోయింది. నానమ్మ శాలువా సర్దుకుని, కెమెరాలోకి సూటిగా చూసి, ఒక్కసారి రెప్పలు దించి ఎత్తింది. తొందరేమీ పడలేదు. తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది. బాబాయి సంచి పట్టుకుని ఫోన్ మీదికి వంగాడు.

"ఇంకోసారి ఆర్పాలా?" అంది నానమ్మ.

"వద్దండీ. సర్వర్ ఆలోచిస్తోంది."

"ఆలోచించనీ. దానికేం, కడుపు నిండా ఉంది."

టింగ్.

అమ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. మరుక్షణం లేచి, మా ఫోనూ సంచీ బాబాయినీ కలిపి లాక్కుని, గొడుగైనా తీసుకోకుండా కొట్టుకి పరిగెత్తింది.

నవ్వులబ్బాయి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "తిట్లు మిగిలిపోయాయండీ," అన్నాడు.

"ఎక్కడికీ పోవులే. అవి సర్వర్‌కి వెళ్ళవు," అంది అక్క.  "ఆదివారం రా. ఆ మెళ్ళో కార్డు తీసేసి రా."

"ఏ కారణం చెప్పమంటారు?"

"కారణం లేకుండా వచ్చే ధైర్యముంటేనే రా."

నానమ్మ లోపలినుంచి కేకేసింది. ఆసరికి కుర్చీ స్వాధీనం చేసుకుంది. "నవ్వులబ్బాయీ! వచ్చేటప్పుడు కొంచెం నవ్వుతూ రా నాయనా. నువ్వేనని మాకూ నిర్ధారణ కావాలిగా!"

అతను నవ్వాడు. ఇన్నాళ్ళూ అందర్నీ నవ్వమని అడిగినవాడు తను నవ్వడం నేను అప్పుడే చూశాను. బాగానే నవ్వుతాడు.

అక్క అతని వెనకే వరండాలోకి వెళ్ళింది. చెయ్యి చాచి అతని కాలర్ సర్దింది. "దీన్ని రెండుసార్లు ఇస్త్రీ చేశాను, తెలుసా," అంది. "తెలుసండీ. అందుకే రోజుకొకటి..." అని అతను ఏదో చెప్పబోయి గొంతు తగ్గించాడు. వానలో సరిగ్గా వినపడక నేను ఒక అడుగు ముందుకేశాను. ఇంకో అడుగు.

అక్క వెనక్కి తిరిగి చూసింది.

"నీకు కళ్ళార్పడం రాదుటే?" అని, నా ముఖం మీదే తలుపేసింది.