తోలు పట్టీలు తీసిందెవరు?

పరుపులు తిరగేశారు, బీరువాలు ఖాళీ చేశారు, ఆఖరికి పిండి డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశారు. జిమ్నాస్టిక్స్ చాంపియన్ అయిన కూతురు అరచేతులకు కట్టుకునే తోలు పట్టీలు మాత్రం దొరకలేదు. మధ్యాహ్నమే పోటీలకు ప్రయాణం.

"పోతే పోయాయి, కొత్తవి కొంటే పోలా?" అంది నాయనమ్మ.

"అవి చెప్పులా అత్తయ్యా, కొనగానే వేసుకోడానికి? అరచేతికి అలవాటు పడాలంటే నెలలు పడుతుంది. కొత్తవాటితో కడ్డీ పట్టుకుంటే జారిపోతుంది," అంది తల్లి.

విషయం బయటికి పొక్కి, గేటు దగ్గర టీవీ కెమెరాలు గుమిగూడాయి. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి వెళ్లింది గువ్వ ఒక్కతే. జట్టులో అదనపు అమ్మాయి. చాంపియన్ ఆగిపోతే వెళ్లేది తనే. ఇంకేం, దొంగ దొరికిపోయింది! జిమ్నాస్టిక్స్ సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, గువ్వను జట్టు నుంచి తప్పిస్తున్నామని కూడా చెప్పేశాడు.

"ఒట్టు పిన్నీ, మంచినీళ్లు తాగి వెళ్లానంతే," గువ్వ హాల్లో నిలబడి వెక్కుతోంది.

తల్లి చూపు భర్త మీద పడింది. కూతురికి కోచ్ కూడా ఆయనే. జడపిన్ను కనబడకపోయినా ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఇవాళ నోట్లో బెల్లంగడ్డ ఉన్నట్టు కూర్చున్నాడు.

ఆయన కోటు తేవడానికి ఆమె గదిలోకి వెళ్లింది. ఎడమ జేబు లోపలంతా తెల్లటి సుద్దపొడి. పట్టు జారకుండా ఆ తోలుకి రుద్దే పొడి అది.

ఎడమ జేబెందుకు? ఆయనది కుడిచేతి వాటం. వారం నుంచి తల దువ్వుకోవడం కూడా ఎడమ చేత్తోనే అని అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన్ను లోపలికి పిలిచింది. "కుడి చెయ్యి పైకెత్తండి."

"ఇప్పుడా?"

"ఎత్తండి."

చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"మొన్న సాధనలో అమ్మాయి పట్టు తప్పింది," ఆయన గొంతు తగ్గించాడు. "కింద పట్టుకోవాల్సింది నేను. చెయ్యి లేవలేదే. పరుపు ఉండబట్టి బతికింది."

"ఆ ముక్క దానికి చెప్పొచ్చుగా!"

"పుట్టినప్పట్నుంచి నా చేతుల్లోనే పడింది. ఇంకొకణ్ణి పెట్టుకోమ్మా అని ఏ నోటితో చెప్పను? పట్టీలు లేకపోతే ఈ పోటీకి ఆగిపోతుందనుకున్నా."

"మీ భుజం నొప్పికి పాపం ఆ గువ్వ మెడ కోస్తారా?"

గుమ్మంలో కూతురు నిలబడి ఉంది.

"నాన్నా, మీ చెయ్యి రాలేదని నాకు తెలీదనుకున్నారా? పడ్డదాన్ని నేనేగా. మీ అంతట మీరే చెప్తారని ఆగాను." దగ్గరికొచ్చి ఆ భుజం మీద మెల్లగా చెయ్యి వేసింది. "పట్టుకోవడానికి జట్టులో సహాయ కోచ్ ఉన్నాడుగా. మీరు నాకు కనబడేచోట నిలబడండి, చాలు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "స్కూటర్ డిక్కీలో ఉన్నాయమ్మా."

"ఇంట్లోనే దొరికాయని చెప్పేస్తాను లెండి," అంది తల్లి.

"వద్దు," అన్నాడాయన. "గువ్వే భయపడి తెచ్చి పెట్టిందంటారు."

హాల్లో గువ్వ తల నిమిరి, ఆయన తిన్నగా గేటు దాకా నడిచాడు. మైకులన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి.

"ఎవరు తీశారో తెలిసిందా సార్?"

"తెలిసింది. నేనే తీశాను. దాని తండ్రిని."