కాలరు కింద పసుపు

లాగోస్ వెళ్ళే ముందు మునికృష్ణ చేయవలసిన పనులు ఇవి:

ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ వేయించుకోవాలి.
నగరి రుమాలు బట్టల శాంపిళ్ళు పెట్టెలో సర్దుకోవాలి.
లాగోస్ రేవు వీధుల మ్యాపు కంఠతా పట్టి, మ్యాపును కాల్చేయాలి.
జన్మలో మొదటిసారి కోటు కుట్టించుకోవాలి.
అమ్మకు అబద్ధం చెప్పాలి.

చివరిదే అన్నిటికన్నా కష్టమైంది.

అది 1976. తిరుపతిలో ఒక కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో సీక్రెట్ సర్వీస్ చీఫ్ గోవిందస్వామి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"బ్లాక్ యాంకర్ ముఠా. మన రాకెట్ ఇంధనం ఫార్ములా కోసం తిరగతా ఉండారు. ఆ ముఠా బాస్ ముఖం చూసినోడు మన షఫీవుల్లా ఒక్కడే. లాగోస్ రేవులో ఒక గోడౌన్‌లో దాక్కోనుండాడు. వాళ్ళు కనుక్కునేలోపల నువ్వు పోయి వాణ్ణి తీసుకురావల్ల. కోడ్?"

"'రుమాలు రంగు పోతుందా?' అని నేను అడగాలి. 'ఉప్పునీళ్ళలో కూడా పోదు' అని అతడు చెప్పాలి."

"నీ వేషం?"

"నగరి బట్టల ఏజెంటు సార్."

"దానికి వేషమెందుకప్పా, మీ ఇంట్లో మగ్గముండాది గదా!" చీఫ్ నవ్వబోయి ఆగాడు. "కాలరు కింద ఏమది?"

మునికృష్ణ తడుముకున్నాడు. కొత్త కోటు చూసి అమ్మ నాగులమ్మ పెట్టిన పసుపు బొట్టు అది.

"తుడిచెయ్. లాగోస్‌లో సూటుకు పసుపు చూస్తే నవ్వుతారు."

"నవ్వనీండి సార్. మా వంశంలో బి.ఏ. చదివింది నేనొక్కడినే, కోటు తొడిగింది నేనొక్కడినే. పసుపు తుడవను."

కాలరు మాటప్పుడే టికెట్లతో లోపలికి వచ్చిన పంకజాక్షి కూలింగ్ గ్లాసెస్ తీసి అతనివైపు చూసింది. ఆమె ట్రావెల్ ఏజెంటు. టికెట్లు, వీసా ఆమె పనే. అది పైకి. లోపల ఆమె డబుల్ ఏజెంట్. చీఫ్ ఇచ్చే తప్పుడు కబుర్లు ముఠాకు చేరవేస్తుంది. ముఠాకు నిజాలు కూడా చేరవేస్తోందేమోనని చీఫ్ అనుమానం. ఆమె ఫైలు మీద ఎర్ర సిరాతో 'నమ్మదగదు' అని ఆయనే రాశాడు.

"గుండీలు వదులుగా ఉండాయి," అంది పంకజాక్షి. "ఈడియ్యి. టైలర్ వలి బాషాతో బిగించి తెస్తా."

మర్నాడు సాయంత్రం రేణిగుంట రోడ్డులో మునికృష్ణ ఇంటి ముందు కారు ఆగింది. లోపల ఒక తెల్లవాడు కూర్చునే ఉన్నాడు. పంకజాక్షి గుమ్మం దాకా వచ్చి కోటు అందించింది. సెంటు వాసన గుప్పుమంది.

"మద్రాసుకు పోయే టూరిస్టు. నిన్ను గూడా ఎయిర్‌పోర్టులో దించుతాము," అని, గొంతు తగ్గించింది. "కొత్త కోటు గదా. మీయమ్మకు సూపించి తొడుక్కో అబ్బా."

ఆమె వెళ్ళి కారులో కూర్చుంది.

మునికృష్ణ కోటు తొడిగాడు. నాగులమ్మ అక్షింతల గిన్నె పట్టుకుని వచ్చింది.

"బొంబాయికేనా నాయనా?"

"బొంబాయికేమా."

"బొంబాయికి ఇంత కోటా? గుండీ పెట్టుకో, సూస్తాను."

అతని వేళ్ళు మధ్య గుండీని పట్టుకున్నాయి. గుండీ కాజాలోకి సగం దూరింది. నాగులమ్మ కాలరు సరిచేయబోయి వెనక్కి తిప్పింది.

"పసుపేదిరా? ఇది నీ కోటు కాదు!"

మునికృష్ణ చెయ్యి అక్కడే ఆగిపోయింది. గుండీని వెనక్కి తీశాడు. దాని వెనక వెంట్రుకంత సన్నటి తీగ. భుజం ప్యాడ్‌లో సబ్బుబిళ్ళంత గట్టి ముద్ద. గుండీ పూర్తిగా పడితే సర్క్యూట్ కలిసి బాంబు పేలుతుంది. కొడుకూ, తల్లీ, ఇల్లూ ఏవీ మిగలవు.

కోటు మెల్లగా విప్పి మంచం మీద పరిచాడు. "దాన్ని ముట్టుకోవద్దుమా. పెరటి దోవన పో!"

అప్పుడే బయట తుపాకీ పేలింది.

కారులో తెల్లవాడు కోటు పేలే చప్పుడు కోసం అప్పటిదాకా ఎదురుచూశాడు. చప్పుడు రాలేదు. ఎందుకు రాలేదో, తనను ఎవరు మోసం చేశారో అతనికి అర్థమైంది.

మునికృష్ణ దూకి వెళ్ళేసరికి అతడు రెండో గుండు పేల్చబోతున్నాడు. మణికట్టు మీద ఒక దెబ్బ. పిస్తోలు రోడ్డు మీద పడింది. ఇంకో దెబ్బకు అతడు దాని పక్కనే పడ్డాడు.

పంకజాక్షి సీటు మీద ఒరిగి ఉంది. చీర నెత్తురుతో తడిసింది.

"మీయమ్మ సూసిందా?"

"సూసింది."

"నా కొత్త బట్టలకు మాయమ్మ గూడా పెట్టేది," అంది. ఆ తర్వాత మాట్లాడలేదు.

ఆ తెల్లవాడి పేరు క్రేన్. చీఫ్ ముందు ఒప్పుకున్నాడు.

"రెండు కోట్లూ పక్కపక్కన పెట్టి పోల్చాను. అసలు దాని కాలరు కింద పసుపుపచ్చ మరక ఉంది. అది కూడా వేద్దామన్నాను. ఆమె నవ్వింది. 'టైలర్ చేతి నూనె మరక. కొత్త కోటుకు మరకెందుకు?' అంది."

చీఫ్ మునికృష్ణ వైపు తిరిగాడు. "ప్రయాణం క్యాన్సిల్. వాళ్ళకు నీ ముఖం తెలిసిపోయింది," అన్నాడు.

"తెలియనీండి సార్. షఫీవుల్లా ఆడ కాసుకోనుంటాడు. ఆమె ప్రాణం పెట్టింది నేను ఇంట్లో కూర్చునేదానికి కాదు."

క్రేన్ కారు డిక్కీలో అసలు కోటు దొరికింది. మునికృష్ణ దాన్నే తొడుక్కుని విమానం ఎక్కాడు. లాగోస్ రేవులో ఉప్పునీళ్ళకు రంగు పోని రుమాళ్ళు అమ్మి, షఫీవుల్లాను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పసుపు చూసి అక్కడ ఎవరూ నవ్వలేదు.

పంకజాక్షి ఫైలు మీద మాత్రం 'నమ్మదగదు' అనే మాట ఇంకా అలాగే ఉంది. ఎర్ర సిరా కొట్టేయాలంటే ఢిల్లీ అనుమతి కావాలట. మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈసారి కొత్త బట్టకు పసుపు పెట్టేటప్పుడు, ఒక్కసారి ఆమెను తలుచుకోండి.