మునిగిన మూట

"చాతమ్ రేవులో మన కొత్త జలాంతర్గామి నక్షాలు చేతులు మారుతున్నాయి," అన్నాడు మేజర్ క్లెగ్, బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలు అరచేతిలో నలిపి వాసన చూస్తూ. "అవి దేశం దాటేది మీ ఫావర్షామ్ బీరు క్లబ్బు గుండానే."

రాల్ఫ్ పెన్‌ఫోల్డ్ నవ్వబోయి మానుకున్నాడు. ఊరికి అతను విత్తనాల వ్యాపారి. సీక్రెట్ సర్వీసుకి ఏజెంట్ పదిహేడు.

"ఎలా?"

"వచ్చే శనివారం మీ ఇంటి బీరు పోటీకి జడ్జి ఎవరు?"

"లోరెంజ్. బవేరియా హాప్స్ వర్తకుడు, పశ్చిమ జర్మన్."

"బవేరియా కాదు, తూర్పు జర్మనీ గూఢచారి. గెలిచిన పీపాని జడ్జికి కానుకగా ఇవ్వడం మీ ఆనవాయితీ. గాలి తగిలితే బీరు పాడవుతుందని డోవర్ రేవులో కస్టమ్స్ వాళ్ళు పీపా మూత తీయరు. ఇంకేం కావాలి వాడికి? నక్షాలు ఫొటో తీసిన ఫిల్ము ఎవరి పీపాలో ఉందో పట్టుకో. అది దాటిందా, ఆ జలాంతర్గామిలో నూటపదిమంది కుర్రాళ్ళు నీళ్ళలోనే సమాధి."

మేజర్ ఒక హైడ్రోమీటర్ అందించాడు. బీరు చిక్కదనం కొలిచే గాజు గొట్టం. దీని మెడ విరిస్తే చాలు, రోడ్డు మీద కాపలా ఉన్న వ్యానుకి సిగ్నల్ వెళ్తుంది.

"ఐరిస్‌కి చెప్పొచ్చా?"

"ఆమె నీ పెళ్ళామూ, మన ఏజెంటూ అయినా సరే, చెప్పకు."

చెప్పకుండా ఉంటాడా! నాలుగేళ్ళ కాపురంలో ఐరిస్ దగ్గర అతని నోట్లో నువ్వుగింజ నానలేదు. ఇంటికెళ్ళి టీ కప్పు అందుకునేలోపే అంతా కక్కేశాడు.

"ఆ సెప్టిమస్ ముసలాడే అయ్యుంటాడు," అంది ఐరిస్. "క్లబ్బు సెక్రటరీనంటూ అందరి పీపాల చుట్టూ తిరుగుతాడు చూడు."

వంటింట్లో ఆమె పీపా సిద్ధంగా ఉంది. బీరు పులియడం అయిపోయింది. ఇక డ్రై హాపింగే మిగిలింది. ఎండు హాప్స్ పూలు పలచటి గుడ్డలో మూటకట్టి, ఉడికించకుండా పీపాలో వారం రోజులు వదిలేస్తే బీరుకి ఘుమఘుమ పడుతుంది. పొయ్యి మీద చిన్న గిన్నెలో నాలుగు గాజు గోళీలు మరుగుతున్నాయి. హాప్స్ దూదికంటే తేలిక. గోళీలు వేసి కట్టకపోతే మూట పైనే తేలి బూజు పడుతుంది.

"గోళీలు మర్చిపోకేం," అన్నాడు రాల్ఫ్. "పెళ్ళయిన కొత్తలో తేల్చావుగా, చచ్చిన చేపలా!"

"ఇంకెన్నాళ్ళు దెప్పుతావురా బాబూ! పో, వెళ్ళి రొట్టె తీసుకురా. నువ్వు పక్కనుంటే నా చేయి ఆడదు."

రొట్టె తెచ్చేసరికి పీపాకి మూత బిగించి ఉంది. ఐరిస్ అతని మెడ చుట్టూ చేతులు వేసి చాలాసేపు వదల్లేదు. రాల్ఫ్‌కి ప్రాణం హాయిగా అనిపించింది.

శనివారం పొద్దున ఐరిస్ పీపాతో ముందే వెళ్ళింది. గుడ్డు ఉడికించడానికి గిన్నె వెతికిన రాల్ఫ్‌కి పిండిడబ్బా వెనక నాలుగు గోళీలూ కనిపించాయి.

"మళ్ళీ మర్చిపోయింది పిచ్చిమొద్దు!" అనుకున్నాడు. మూట తేలితే బీరు పాడు, పరువు పాడు. గోళీలు మళ్ళీ మరిగించి, శుభ్రమైన రుమాల్లో చుట్టుకుని పరుగెత్తాడు. నూటపదిమంది ప్రాణాలు గుర్తులేవు. ఐరిస్ చిన్నబోకూడదు, అంతే.

చర్చి హాల్లో అందరూ లోరెంజ్ చుట్టూ మూగి ఉన్నారు. రాల్ఫ్ గుట్టుగా ఐరిస్ పీపా మూత సడలించి టార్చి వేశాడు.

మూట తేలడం లేదు.

బీరు తేటగా ఉంది. మూట అడుగున బుద్ధిగా కూర్చుంది. గోళీలు మాత్రం అతని రుమాల్లో ఉన్నాయి. మరి దాన్ని ముంచిన బరువేది?

అబద్ధమైతే బాగుండును దేవుడా అనుకున్నాడు. ఎలాగో మూత బిగించాడు.

"మొదటి బహుమతి, మిసెస్ పెన్‌ఫోల్డ్!" సెప్టిమస్ అరిచాడు. చప్పట్ల మధ్య ఇద్దరు మనుషులు పీపాని లోరెంజ్ కారులోకి ఎక్కించారు. ఎర్రకోటులో ఐరిస్ నవ్వుతూ వచ్చి, రాల్ఫ్ చేతిలో రుమాలు చూసి ఆగిపోయింది.

"మూత తీశావా?"

"నీ బీరు పాడవుతుందని పరుగెత్తుకొచ్చానే!"

ఆమె అతన్ని తలుపు పక్కకి లాగింది. "మా తమ్ముడు తూర్పు జర్మనీ వాళ్ళ జైల్లో ఉన్నాడు రాల్ఫ్. డ్రెస్డెన్‌లో. ఈ పీపా చేరితే వదుల్తామన్నారు. చేరకపోతే..."

"నీకు తమ్ముడున్నాడని నాకెప్పుడైనా చెప్పావా?"

"ఎలా చెప్పను? నీకు చెబితే మేజర్‌కి చెబుతావు. రెండు నిమిషాలు ఆగు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఆ కారు మలుపు తిరగనీ."

కారు స్టార్టయింది. రాల్ఫ్ జేబులో హైడ్రోమీటర్ పట్టుకున్నాడు. ఆమె కళ్ళలోకి చూస్తే చేయి లేవదు. అందుకని గోడ మీది గడియారం చూశాడు. కారు గేటు దాటింది. మలుపు దగ్గరికొచ్చింది.

"రాల్ఫ్, వద్దు!"

హైడ్రోమీటర్ మెడ విరిచాడు. గాజు అరచేతిలో దిగింది.

నల్ల వ్యాను అడ్డంగా వచ్చి ఆగింది. తడిసిన హాప్స్ మధ్య నుంచి మేజర్ మనుషులు ఫిల్ము ఉన్న అల్యూమినియం డబ్బీ బయటికి లాగారు. ఐరిస్ ఏడవలేదు. వ్యానెక్కుతూ, "చేతికి కట్టు కట్టించుకో," అంది. అప్పుడు రాల్ఫ్ ఏడ్చాడు, మేజర్ చూస్తుండగానే.

"గట్టివాడివోయ్," అన్నాడు మేజర్ అటు తిరిగి. "రిపోర్టులో 'మొదటినుంచీ అనుమానం ఉండేది' అని రాయి. నిన్నెవరూ తప్పు పట్టరు."

రాశాడు. మేజర్ చెప్పినట్టే మూడు పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా.

హాలు ఖాళీ అయ్యాక సెప్టిమస్ వెండి కప్పు పట్టుకుని వచ్చాడు. "బీరులో పంచదార కలపకూడదని మా రూల్సులో ఉంది గాని, ఫిల్ము వేయకూడదని ఎక్కడా లేదు బాబూ. వాసన మాత్రం అద్భుతం. కప్పు ఆవిడదే. ఈ రసీదు మీద ఆవిడ తరఫున సంతకం పెట్టు."

రాల్ఫ్ కట్టుకట్టిన చేత్తో పెన్ను తీసుకున్నాడు. విజేతకి ఏమవుతారు అన్న గడిలో 'భర్త' అని రాశాడు. ఆ రోజు అతను నిజం రాసిన కాగితం అదొక్కటే.