స్టెల్లా టీకా, జోసెఫ్ జ్వరం

స్టెల్లాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: ఈసారి కూడా బిడ్డ నిలవదేమోనని. పోయినసారి సూది వేయించుకున్న వారానికే కడుపు పోయింది. ఇప్పుడు ఆరో నెల. డాక్టరమ్మ ఫ్లూ టీకా వేయించుకోమంది.

"ఏయించీసుకోయే, ఓ పనైపోద్ది," అన్నాడు మొగుడు జోసెఫ్, ట్రాక్ డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ.

"నీకేటి మావా, సూది నీ సెయ్యికా?"

"నా సెయ్యికైతే రెండేయించుకుందును!"

నవ్వాల్సిన మాటే. ఆమె మాత్రం తలుపు ధడాలున వేసింది.

మర్నాడు వానలో డ్యూటీ దిగి వచ్చినవాడు లోపలికి రాలేదు. గీదం రైల్వే క్వార్టర్ గుమ్మం ముందు, రైళ్లను ఆపే ఎర్ర జెండా పాతి, వరండా చివర దుప్పటి పరుచుకున్నాడు.

స్టెల్లాకు ఒళ్లు మండింది. కంచంలో అన్నం పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. చివరికి కిటికీ తెరిచింది.

"అలకైతే నోటితో సెప్పాల. ఈదంతా సూసీలాగ జెండాలేటి?"

"ఇటు రాకే!" తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అరిచాడు జోసెఫ్. వెంటనే దగ్గు. "గ్యాంగులో సగం మందికి జొరం. నాకూ అంటీసింది. ఆస్పత్రిలో ఫ్లూ అన్నారు. నీకంటకూడదనే జెండా ఎట్టాను. నా మాటెలాగా ఇనవు, జెండాకైనా ఆగుతావని."

జల్లు వెనక అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె కిటికీ ఊచలు పట్టుకుంది.

"మావా... పోయినసారి ఆ సూది వల్లే బిడ్డ పోయింది. నానే కదా ఏయించుకున్నాను."

జోసెఫ్ లేచి, జెండా దగ్గర ఆగిపోయాడు.

"ఇన్నాళ్లూ నీ తప్పనుకున్నావేటే పిచ్చిదానా? నాతో సెప్పవా?"

"సెప్తే నువ్వూ అలాగే అనుకుంతావని."

"ఏయించుకోమని ఇంక నాననను. ఈ మాటే డాక్టరమ్మనడుగు. నమ్మకం కుదరకపోతే ఇంటికొచ్చీ."

పక్కింటి వరహాలమ్మను తోడు తీసుకుని ఆస్పత్రికి వెళ్లింది. చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయినా స్టెల్లా ప్రశ్నలు ఆగలేదు.

"ఇన్ని ప్రశ్నలు పెళ్లిసూపుల్లో అడిగుంటే జోసెఫ్ పారిపోయీవోడు!" అంది వరహాలమ్మ.

డాక్టరమ్మ విసుక్కోలేదు. "అప్పుడు వేసింది ధనుర్వాతం టీకా. దానివల్ల కడుపు పోదు. ఎందుకు పోయిందో నేనూ చెప్పలేను, చాలాసార్లు కారణం దొరకదు. ఈ ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ లేదు, కాబట్టి ఇది ఫ్లూ తెప్పించదు. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం ఉండొచ్చు. కానీ కడుపుతో ఉన్నప్పుడు ఫ్లూ వస్తే ఇద్దరికీ ప్రమాదం. పుట్టాక మొదటి నెలల్లో బిడ్డకూ ఈ టీకా రక్షణ."

స్టెల్లా కళ్లు మూసుకుని భుజం చూపించింది.

ఇంటికొచ్చాక కిటికీకి ఇటు ఆమె, అటు అతను.

"బిడ్డ కదిలిందా?" అడిగాడు జోసెఫ్.

"ఇంకా లేదు."

"ఇప్పుడు?"

"ఊరుకో మావా!"

చెయ్యి సలుపుతోంది. కూర్చోలేక, నిలబడలేక గదంతా తిరిగింది. దీపాల వేళకు కడుపులో చిన్న తాపు.

"మావా!"

అటు దుప్పటి ఎగిరిపడింది. జోసెఫ్ దగ్గుతూనే ఈల వేశాడు.

అయినా ఆమె భయం పూర్తిగా పోలేదు. మీరెప్పుడైనా గీదం మీదుగా వెళ్తే, క్వార్టర్ల దగ్గర ఆగి స్టెల్లా ఎలా ఉందో కనుక్కోండి. జోసెఫ్‌ని అడక్కండి, అతను "బావుంది" అనేస్తాడు. ఆమెనే అడగండి. జవాబు చెప్పేదాకా కాసేపు కూర్చోండి.