ఇరవై ఎనిమిది డిగ్రీల తేడా

"పాత అట్లాస్ ఉందా?"

"ఉంది. ఉత్తర ధ్రువం పేజీ లేదు."

కోడ్ సరిపోయింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాల గుట్టల వెనుక, నెరిసిన విగ్గు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ నిజానికి విమల. సీక్రెట్ సర్వీస్ హైదరాబాద్ చీఫ్. ఏజెంట్ జెస్విన్ గొంతుక్కూర్చుని బేరమాడుతున్నట్టు ఓ డిక్షనరీ తిరగేశాడు.

"నాంపల్లిల శ్యామ్‌సుందర్ అని రిటైర్డ్ లెక్చరర్," అంది విమల. "పదకొండేండ్ల నుంచి సొంతంగ విమానం కడుతున్నడు. దాని ముక్కు ఏ దిక్కుకున్నదో అయస్కాంతాన్ని బట్టి చెప్పే హెడింగ్ సెన్సర్ కూడ ఆయన డిజైనే. విదేశీ ముఠా కొంటామని వచ్చింది. పొమ్మన్నడు."

"మంచిగ చేసిండు."

"పన్నెండింటికి ఢిల్లీ ఇన్‌స్పెక్టర్ వస్తడు. ఐదు డిగ్రీలు మించి తేడా వస్తే ఎగరనియ్యరు. విమానం తుక్కు, ఇగ ఆయన డిజైన్ అమ్ముకోక తప్పది, అది ముఠా పాలు. నిన్న రీడింగ్ కరెక్టే. ఇవాళ తప్పు. అక్కడ మన రశ్మి ఉంది. ఆమెకూ అంతుబట్టలేదట."

టైం పదీ నలభై. జెస్విన్ ఆటో ఎక్కాడు.

శ్యామ్‌సుందర్ వర్క్‌షాప్ ఒకప్పటి కట్టెల అడితి. లోపల మైదానమంత జాగా, బయటికి మాత్రం ఒక్క ఇరుకు గేటు. గేటు దగ్గర ఆయన చెల్లెలు పద్మ ప్లాస్టిక్ టబ్బు పట్టుకుని నిలబడింది.

"ఇనుము లోపటికి రావద్దు బాబూ. సెన్సర్‌కు పడదు. నేను పిన్నీసులు గూడ తీసేసిన."

జెస్విన్ తాళాలు వేశాడు. బెల్టు వేశాడు. కాస్త సిగ్గుపడుతూ పిస్తోలు కూడా వేశాడు.

నేల మీద ముగ్గుతో ఎనిమిది దిక్కుల గీతలు. మధ్యలో తెల్లటి చిన్న విమానం. కాస్త దూరంగా ఎర్ర కళ్ళద్దాలు, సిల్కు స్కార్ఫు, చేతిలో హ్యాండ్‌బ్యాగ్‌తో రశ్మి. ఎండలో కూడా మేకప్ చెదరలేదు.

"అంతా వెతికాను జెస్విన్. ఏమీ లేదు," అంది.

జెస్విన్ వాచీ మామూలుది కాదు. జానెడు దూరంలో మాగ్నెట్ ఉంటే బీప్ అంటుంది. ముక్కు నుంచి తోక దాకా, సీటు వెనకున్న సెన్సర్ చుట్టూ అంగుళం అంగుళం తిప్పాడు. చప్పుడు లేదు. ఉత్తరం గీత మీద విమానం, స్క్రీన్ మీద ఇరవై ఎనిమిది డిగ్రీలు. పదకొండూ ముప్పై అయిదు.

"నిన్న గీడనే సున్నా చూపించింది!" అన్నాడు శ్యామ్‌సుందర్.

"నిన్న సెన్సర్‌కు దిక్కులు నేర్పే అలైన్‌మెంట్ చేసేటప్పుడు సీట్ల ఎవరున్నరు సార్?" అన్నాడు జెస్విన్.

"రశ్మి మేడమ్. నేను తోసిన."

"ఒళ్ళో బ్యాగు పెట్టుకొని," అంది పద్మ. "టబ్బుల వెయ్యమంటే, లిప్‌స్టిక్ తప్ప ఏం లేదన్నది."

జెస్విన్‌కు అప్పుడు వెలిగింది. అందరూ విమానంలో ఏం పెట్టారా అని వెతికారు. అసలు జరిగింది తీసెయ్యడం! బ్యాగులో మాగ్నెట్ ఉండగా అలైన్‌మెంట్ చేస్తే, సెన్సర్ దాన్ని కూడా విమానంలో భాగమే అనుకుంటుంది. బ్యాగు దిగిపోగానే దిక్కులన్నీ తప్పుతాయి.

రశ్మి దగ్గరికి వెళ్ళి వాచీని హ్యాండ్‌బ్యాగ్ మీదికి చాపాడు. బీప్!

బ్యాగులోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది. "పన్నెండు దాకా ఎవరూ కదలొద్దు," అంది రశ్మి. "సార్, అమ్మేసి ఉంటే సుఖంగా ఉండేవారు."

శ్యామ్‌సుందర్ నేరుగా విమానం తోక దగ్గరికి నడిచాడు. "కాలుస్తవా? కాల్చు. నా విమానం నేను తిప్పుకుంట."

పిస్తోలు ఆయన వైపు తిరిగింది. అంతే, వెనక నుంచి పద్మ టబ్బెత్తి రశ్మి నెత్తిన బోర్లించింది. తాళాలు, బెల్టు, జెస్విన్ పిస్తోలు అన్నీ కలిసి దిగాయి. రశ్మి కూలబడింది. ఆమె స్కార్ఫుతోనే జెస్విన్ ఆమెను గేటుకు కట్టేశాడు.

పదకొండూ నలభై ఆరు.

"టైం లేదు సార్. ఆ మాగ్నెట్ మళ్ళ సీట్ల పెడితే సున్నా వస్తది," అన్నాడు జెస్విన్.

శ్యామ్‌సుందర్ ముఖం ఎర్రబడింది. "దొంగ మాగ్నెట్‌తోని పాసైతనా? పదకొండేండ్లు గిందుకే కష్టపడ్డనా? మొదటి నుంచి చేద్దాం. పట్టు!"

పద్మ కిందపడ్డ ఇనుమూ, రశ్మి బ్యాగూ టబ్బులోకి ఏరి గేటు అవతల పెట్టొచ్చింది. ఆయన సీట్లో కూర్చున్నాడు. జెస్విన్, పద్మ తోశారు. ఉత్తరం, ఈశాన్యం, తూర్పు... గీత గీతకూ ఆగడం, బటన్ నొక్కడం. జెస్విన్ చొక్కా తడిసి ముద్దయింది. పద్మ ఒక్కసారి కూడా ఆగుదామనలేదు. ఎనిమిదో గీత మీద బటన్ నొక్కుతుండగా గేటు చప్పుడైంది.

ఇన్‌స్పెక్టర్ సోమయాజులు గేటుకు కట్టి ఉన్న అందగత్తెను చూశాడు. ఆమె పక్కనుంచి తప్పుకుని లోపలికొచ్చాడు. ఎనిమిది దిక్కులూ తిప్పించి చూశాడు. ఎక్కువలో ఎక్కువ తేడా రెండు డిగ్రీలు. సంతకం పెట్టేశాడు. శ్యామ్‌సుందర్ రెక్కకు తల ఆనించి ఏడ్చేశాడు.

"ఒక్క సందేహం," అన్నాడు సోమయాజులు. "రెక్కలు ముప్పై అడుగులు. గేటు పదడుగులు. విప్పి తీసుకెళ్తే, బిగించాక అలైన్‌మెంట్ మళ్ళీ మొదటి నుంచి చేయాలి."

"విప్పను," అన్నాడు శ్యామ్‌సుందర్ కళ్ళు తుడుచుకుంటూ. "గోడ నాదే."

ఒంటిగంటకు విమల ఫోన్‌కు జెస్విన్ మెసేజ్ వచ్చింది. "మిషన్ సక్సెస్. ఆలస్యంగా వస్తాను. గోడ కూలుస్తున్నాం."